అతివేగం వల్ల ఆగిపోయిన పుట్టువెంట్రుకలు

గద్వాల,
11-2-1990

చెల్లె కమలకు,

ఇక్కడ మేమందరం క్షేమం. మీ వదిన రేణుకమ్మ మోకాళ్ల నొప్పి కూడా క్షేమంగానే ఉన్నది. ఆశీస్సులు, నమస్కారాలు కలిపే పంపుతున్నాను. నీవు, బావ వెంకటన్న, మేనకోడలు కిష్టమ్మ ఎవరివి వారు తీసుకోగలరు.

విషయం: మొన్న గురువారం ఉమామహేశ్వరం కొండ మీద కిష్టమ్మ పుట్టువెంట్రుకలు తీయించే శుభకార్యానికి, మేనమామనైన నేను హాజరు కాకపోవడం, అందుకు గల కారణం.

కారణం ఒక్కటే. అతివేగం.

ఈ మాట వ్రాసిన తరువాత నేనే మరొకసారి చదువుకున్నాను. మన సంఘం వారు వేలంలో కొని నా ఆధీనంలో ఉంచిన జీపు నీకు తెలియనిది కాదు. దసరాకు వచ్చినప్పుడు కోట దగ్గర నుండి మన ఇంటి దాకా దానిని నెట్టిన వారిలో నీవూ ఉన్నావు. అయినప్పటికీ, చేనేత సహకార సంఘం కార్యదర్శిగా ఏ కాగితం మీదా అబద్ధం వ్రాయని వాడిని కనుక, జరిగినది జరిగినట్లు నివేదిస్తున్నాను.

తెల్లవారుతుండగా బయలుదేరాము. మీ వదిన వెనుక సీటులో కూర్చున్నది. ఆమె ఒడిలో కిష్టమ్మ కోసం నేను నేసిన పట్టులంగా మూట ఉన్నది. జీపు వెనుక తలుపు రేకు మోత గురించి ఎర్రవల్లి దాకా ఆమె చేసిన ఫిర్యాదులు ఇక్కడ అప్రస్తుతం. బీచుపల్లి వంతెన ఎక్కేసరికి కృష్ణ మీద పొగమంచు పరుచుకుని ఉన్నది. వంతెనకు అటు కొస కనబడదు, ఇటు కొస కనబడదు. నది ఉన్నదన్న నమ్మకం మీదనే నది దాటాము. చక్రాలు నేలను తాకుతున్నాయా లేదా అన్న అనుమానం నాకు అక్కడే మొదలైంది. ఆ అనుమానం తీరక ముందే, పెబ్బేరుకు ఇవతల, ఈల వినిపించింది.

వేగం కొలిచే పద్ధతి ఈ విధంగా ఉన్నది. ఒక ఫర్లాంగు రాయి దగ్గర ఒక కానిస్టేబుల్ జెండా ఊపుతాడు. తరువాతి రాయి దగ్గర మరొకాయన చేతి గడియారం నొక్కుతాడు. గడియారం చూసి, ఆయన మొదట దానిని చెవి దగ్గర పెట్టుకున్నాడు, తరువాత నన్ను చూశాడు.

“ఏంది పెద్దమనిషీ, యాడికి గింత ఉరుకుడు?”

“మేనకోడలి పుట్టెంటికలు సార్.”

“ఎంటికలు యాడికీ పోవు. గిట్ల నడిపితే నువ్వే పోతవ్.”

చలాన్ వ్రాసి చేతికిచ్చాడు. వనపర్తి పొలిమేరలో రెండవది ఇచ్చారు. “పెబ్బేరోళ్లు రాసిన్రు గద, మాది గూడ ఉంచుకో,” అన్నారు. నాగర్‌కర్నూలు దగ్గర మూడవది వ్రాయబోయిన ఎస్సై గారు, మొదటి రెండూ చూసి కుర్చీ తెప్పించుకుని కూర్చున్నారు.

“ఒక్క పూటల మూడు! నువ్వు బట్టలు నేసేటోనివా, రేసులకు పోయేటోనివా?”

జీపును స్టేషన్ ఆవరణలో వేపచెట్టు కింద నిలిపివేశారు. కోర్టు తేల్చేదాకా అది అక్కడే ఉంటుంది. నా వాంగ్మూలం నేనే విపులంగా వ్రాసి ఇవ్వడం వల్ల పొద్దుపోయింది. అచ్చంపేట ఆఖరి బస్సు వెళ్లిపోయింది. మరునాటి నుండి మూఢం. కనుక గద్వాలకు బస్సులో తిరిగి వచ్చాము.

ఇట్లు,
మూడు చోట్ల దోషి, ఒక చోట అన్న,
తిరుపతయ్య


అమ్రాబాద్,
19-2-1990

చేనేత సహకార సంఘం కార్యదర్శి తిరుపతయ్య గారి సముఖానికి,

తమరి ఉత్తరం అందింది. ఆశీస్సులు తీసుకున్నాము. నమస్కారాలు మిగిలిపోయాయి. తిప్పి పంపుతున్నాను.

గురువారం నాడు మేము కొండ మీద ఎట్లా ఉన్నామో తమరి రికార్డులో చేరడం మంచిది. రాతి సందులో నుండి నీళ్లు చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి. మంగలి కత్తిని నూరి నీళ్లలో పెట్టుకుని కూర్చున్నాడు. మీ బావ దారి వైపు చూస్తూ నిలబడ్డారు. కిష్టమ్మ మాత్రం నా భుజం మీద నిద్రపోయి, నిద్రలోనే నవ్వింది. మధ్యాహ్నానికి కోతులు మా కొబ్బరికాయలు తిని వెళ్లిపోయాయి. లోయలో మోదుగుచెట్లు ఎర్రగా పూసి ఉన్నాయి. దూరాన ఏ జీపు చప్పుడు విన్నా నేను లేచి నిలబడ్డాను. అన్నీ అటవీ శాఖ జీపులే.

మేనమామ ఒడిలో కూర్చోబెట్టుకుని తొలి కత్తెర వేయనిదే పిల్ల తల మీద ఒక్క వెంట్రుక తెగకూడదన్నది మన పద్ధతి. వీళ్ల ఇంటి పద్ధతీ అదే. మూడో ఏడు దాటితే మళ్లీ ఐదో ఏడు దాకా ఆగాలి. జ్యేష్ఠమాసంతో కిష్టమ్మకు మూడో ఏడు నిండుతుంది. పుట్టిన నాటి నుండి కత్తెర ఎరుగని ఆ జుట్టు ఇప్పుడు కళ్లు కప్పేసి, అక్కడక్కడ జడలు కడుతోంది. అన్నం తింటే జుట్టూ తింటుంది.

ఇక అతివేగం సంగతి. ఆ జీపును నెట్టిన చేతులు ఇవి. మేకలు దానిని దాటిపోతుంటే చూసిన కళ్లు ఇవి. నాకు పెళ్లయి ఇక్కడికి వచ్చిన తరువాత తమరు ఒక్కసారి కూడా ఈ గడప తొక్కలేదు. ఒక ఏడు ఆడిట్ అన్నారు, ఒక ఏడు నూలు రాలేదన్నారు, ఒక ఏడు జీపుకు ఒంట్లో బాగాలేదన్నారు. ఏడాదికొక కారణం చొప్పున నమ్ముతూ వచ్చాను. ఈసారి కారణం పోలీసుల మీద పెట్టారు.

చీర అంచు వైపు కూర్చునే నా చేయి మగ్గం విడిచి అడవికి పోయిందని తమరి మనసులో ఉందేమో. ఉంటే ఉన్నదని ఒక కార్డు వేయండి. జీపుకు లేని వేగం అంటగట్టకండి.

ఇట్లు,
తమరి చెల్లెలినే అనుకుంటున్న
కమల


గద్వాల,
4-3-1990

చెల్లె కమలకు,

తిప్పి పంపిన నమస్కారాలు చేరాయి. అవి బావగారివి కనుక మళ్లీ పంపుతున్నాను.

నా మీద వచ్చిన ఏ ఆరోపణనైనా ఖండించడమే ఇన్నాళ్లు నా పని. నూలు తూకంలో తేడా వచ్చిందన్నా, రంగు వెలిసిందన్నా, ఖండించాను, గెలిచాను. నేరం చేశానని నేనే రుజువు చేసుకోవలసిన స్థితి ఇదే మొదటిసారి. ఆధారాలు జతపరుస్తున్నాను.

ఒకటి, మూడు చలాన్ల నిజప్రతులు. రెండు, సంఘం సర్వసభ్య సమావేశం తీర్మానం. “కార్యదర్శి తిరుపతయ్య అతివేగంగా పోయినాడని ఈ సభ విశ్వసిస్తున్నది” అని సభ్యులందరూ చేతులెత్తారు. ప్రత్యేక ఆహ్వానితుడిగా వచ్చిన మెకానిక్ సాయన్న ఒక్కడే అసమ్మతి తెలిపాడు.

“సెక్రటరీ సాబ్, నీ మీద నాకు భరోసా ఉంది. బండి మీద లేదు,” అన్నాడు. “నా చేతుల బాగైన బండి గది. గంత స్పీడ్ పోతదంటే నేను ఖురాన్ మీద, గీత మీద, నీ మగ్గం మీద గూడ ఒట్టేసి చెప్త, పోదు.”

అతని అసమ్మతిని నమోదు చేశాము.

ఎందుకు అంత వేగంగా పోయానని నన్ను నేను ప్రతిరోజూ అడుగుతున్నాను. నాకు గుర్తున్నది వేగం కాదు. వనపర్తి దాటిన తరువాత రోడ్డు వీధిలో గంజి పెట్టి సాగదీసిన పడుగులాగా నేరుగా, తడిగా మెరుస్తూ ఉన్నది. చింతచెట్లు ఒకదాని వెంట ఒకటి అంచులో బుటాల మాదిరిగా వచ్చి పోతున్నాయి. జొన్నచేల మీద ఎండ నీరెండగా, పలుచగా పరిచి ఉన్నది. కాళ్లు నావేనని తెలుస్తున్నది కానీ వాటికి ఆజ్ఞ ఇస్తున్నది నేను కానట్లు ఉన్నది. నిద్ర అనడానికి వీలులేదు, కళ్లు తెరిచే ఉన్నాయి. మెలకువ అనడానికీ వీలులేదు, మన అమ్మ రాట్నం చప్పుడు వినిపించింది. ఈ స్థితికి మోటారు వాహనాల చట్టంలో పేరు ఉన్నట్లు నాకు కనబడలేదు.

అంచు విడిచిపోయిన చేయి గురించి నీవు వ్రాసిన వాక్యానికి సమాధానం విడిగా వ్రాయగలను. ఇంకా తయారు కాలేదు.

ఇట్లు,
తిరుపతయ్య


అమ్రాబాద్,
30-3-1990

కార్యదర్శి గారికి,

ఆధారాలు పరిశీలించాను. మూడు చలాన్ల ప్రతుల మీదా “నిజప్రతి అని ధ్రువీకరించడమైనది” అని ఉంది. కింద తమరి సంతకం, తమరి సంఘం గుండ్రటి ముద్ర. నేరస్తులూ తమరే, ధ్రువీకరించిన అధికారీ తమరే. మీ బావ చూసి, “మీ అన్న గీ లెక్కన ఉరిశిచ్చ పడ్డా గూడ ఆయనే అమలు జేసుకుంటడు,” అన్నారు.

ఇక్కడి వార్త ఏమంటే, కిష్టమ్మ దేవత అయింది.

ఉగాదికి రాయచూరు వైపు నుండి శ్రీశైలం నడిచిపోయే యాత్రికులు మన వాకిట్లో నీళ్లకు ఆగారు. అరుగు మీద కూర్చుని కిష్టమ్మ బెల్లం తింటోంది. జుట్టంతా జడలు కట్టి, అందులో రెండు ఎండుటాకులు, ఒక పావురం ఈక. ఒక ముసలమ్మ చేతులు జోడించి “తాయీ, తాయీ” అంటూ వంగి మొక్కింది. ఆమె వెనుక ఉన్నవాళ్లూ అమ్మవారే అనుకుని మొక్కారు. కిష్టమ్మ తన చేతిలోని బెల్లం ముక్కను ఆ ముసలమ్మకు పెట్టింది. అది ప్రసాదమైపోయింది. మరునాడు వచ్చినవాళ్లు మన ఇల్లు అడుగుతూ వచ్చారు. ఇంట్లో కొబ్బరికాయలు పెట్టడానికి చోటు లేదు. మూడు పూటలా కొబ్బరి పచ్చడే.

నవ్వు వస్తుంది గానీ, మధ్యాహ్నం పూట భయం వేస్తుంది. ఇప్పపూలు రాలే వేళకు అడవి అంతా తీపి వాసనతో మత్తుగా ఉంటుంది. గాలి కూడా కదలదు. అప్పుడు కిష్టమ్మ జుట్టు వెనుక నుండి నన్ను చూస్తుంది. నా బిడ్డ ముఖం నేను పూర్తిగా చూసి ఎన్నాళ్లైందో అనిపిస్తుంది. ఒక్క కత్తెర వేయడానికి ఒక్క మనిషి రావాలి. ఇంతే గదా.

కోర్టు ఉందని వ్రాశారు. సరే. కోర్టు తమరిని దోషి అంటే, తమరు నిజంగా బయలుదేరారని, నిజంగా ఉరికారని నేను నమ్ముతాను. ఆ మాట మీద నిలబడతాను.

కమల


గద్వాల,
18-4-1990

చెల్లె కమలకు,

తీరని అన్యాయం జరిగింది. కోర్టు నన్ను నిర్దోషిగా విడిచిపెట్టింది.

సోమవారం నాడు నాగర్‌కర్నూలు కోర్టులో నేను నల్లకోటు లేకుండా, వకీలు లేకుండా, చేతులు కట్టుకుని, “నేరం ఒప్పుకుంటున్న సార్,” అన్నాను. మేజిస్ట్రేటు గారు కలం ఎత్తారు. శిక్ష పడుతున్నదని నా మనసు తేలికపడింది. అంతలో ఆయన కిటికీలో నుండి జీపును చూశారు. కలం దించారు.

“గదేనా బండి?”

“గదే సార్.”

“గది గంత స్పీడ్ పోయిందా?”

“పోయింది సార్. నిజంగనే పోయింది. నన్ను నమ్మున్రి.”

నమ్మలేదు. పరీక్ష జరపమన్నారు. కోర్టు వెనుక రోడ్డు మీద ఫర్లాంగు రాళ్ల దగ్గర పాత పద్ధతిలోనే ఏర్పాటు చేశారు. పరీక్షకు బండి తీసే ముందు, నాతో వచ్చిన మీ వదిన, పెద్దలున్న చోట మోత మర్యాద కాదని, వెనుక తలుపు రేకును పాత పడుగు తాళ్లతో బిగించి కట్టింది. ఇది కేసుతో సంబంధం లేని విషయం. నేను స్టీరింగు ముందు కూర్చుని, నా పరువు, నీ నమ్మకం, కిష్టమ్మ కళ్లు, అన్నీ తలచుకుని కాలు మోపాను. జీపు కదిలింది. కదిలిందని చెప్పడానికి సాక్షులున్నారు. జెండా ఊపిన కానిస్టేబుల్, ఊపిన తరువాత జెండా చుట్టుకుని, నాతో పాటు నడుస్తూ, బీడీ ముట్టించుకుని, నాకన్నా ముందు రెండవ రాయిని చేరాడు.

చలాన్లు మూడూ రద్దయ్యాయి. గడియారాలను మరమ్మతుకు పంపమన్నారు. నేను అప్పీలు చేసుకుంటానని మనవి చేశాను.

“దేని మీద అప్పీలు?”

“నా విడుదల మీద సార్.”

“నీకు పానం బాగలేనట్టుంది. ఇంటికి పోయి పండుకో,” అని ఎంతో దయగా చెప్పారు.

తీర్పు ప్రతి పంపుతున్నాను. దాని మీద నా ముద్ర లేదు.

తిరుపతయ్య


అమ్రాబాద్,
26-4-1990

తిరుపతయ్య గారికి,

తీర్పు చదివాను. జీపుకు అంత వేగం లేదని కోర్టు కూడా చెప్పింది. తమరు ఆ రోజు గద్వాల నుండి బయలుదేరారో లేదో ఇక నేను అడగను.

మే పదిహేడు, గురువారం మంచిరోజు. మన్ననూరు అడవి చెక్‌పోస్టులో పనిచేసే నాగన్న నాకు దూరపు లెక్కన తమ్ముడి వరస అవుతాడట. మీ బావ వెతికి కనిపెట్టారు. ఆయన ఒడిలో కూర్చోబెట్టి కిష్టమ్మకు తొలి కత్తెర వేయిస్తాము. ఆయన రానని అనలేదు, కారణాలు చెప్పలేదు. ఆయనకు సైకిలు ఉంది.

వదినకు మోకాళ్ల నొప్పికి అడవి తేనె పంపుతున్నాను.

కమల


గద్వాల,
6-5-1990

చెల్లె కమలకు,

తేనె అందింది. మీ వదిన మోకాళ్లకు పూసుకోవాలో, తినాలో తెలియక రెండూ చేస్తున్నది.

విషయం: అతివేగమునకు గల అసలు కారణం కనుగొనబడుట.

నిన్న ఎర్రవల్లి నుండి నూలు మూటలు తేవడానికి మేమిద్దరం జీపులో పోయాము. రేకు కట్టినది కట్టినట్లే ఉన్నది, జీపు దాని మర్యాద ప్రకారం మెల్లగా పోతున్నది. సగం దారిలో పాత పడుగు తాడు తెగిపోయింది. రేకు ఊడి టక్కుమన్నది. నా కాలు పెడలు మీద పడింది. జీపు ముందుకు దూకింది, దూకినందుకు రేకు మళ్లీ టక్కుమన్నది, కాలు మళ్లీ పడింది. టక్కు, టక్కు, టక్కు. పత్తిచేలు, కరెంటు స్తంభాలు, ఒక ఎడ్లబండి, అన్నీ వెనక్కి కరిగిపోతున్నాయి. మళ్లీ అదే స్థితి. మెలకువ కాదు, నిద్ర కాదు, అమ్మ రాట్నం. అప్పుడు మీ వదిన వెనుక నుండి అరిచింది.

“ఏందయ్యా, బండి నడుపుతున్నవా, మగ్గం తొక్కుతున్నవా?”

జీపు పక్కకు ఆపాను.

కమలా, గద్వాల చీర ఒక్కరు నేసేది కాదు. నేను గుంటలో కాళ్లు పెట్టి నడుమ నూలు బట్ట నేసేవాడిని. నీవు కుడి వైపు పలక మీద కూర్చుని పట్టు అంచు పోగు ఉన్న నాడె అందుకుని, తిప్పి విసిరి, ఉంగరం వేలితో మగ్గం కర్ర మీద టక్కుమని కొట్టేదానివి. అయిపోయింది, ఇక తొక్కు అని అర్థం. ఆ చప్పుడు విననిదే నా కాలు కదిలేది కాదు. నీకు లంగా వయసు నుండి పెళ్లీడు దాకా అట్లాగే నేశాము. నీవు పోయిన తరువాత మీ వదిన ఆ పలక మీద కూర్చుంటున్నది. ఆమె కొట్టదు, “కానియ్” అంటుంది. నేను తొక్కుతాను. చీర అవుతుంది.

కాలికి మాత్రం మాట అందలేదు. పై అధికారి ఉత్తర్వు కోసం ఎదురుచూసే చిరుద్యోగిలాగా అది ఇన్నేళ్లూ కూర్చుని ఉన్నట్లున్నది. ఆ రోజు నేను నీ ఇంటికి వస్తున్నాను. వెనుక నుండి టక్కుమని వినబడింది. కాలు లేచింది. ఇంతే జరిగింది. మూడు ఊళ్ల పోలీసులు పట్టుకున్నది దీనినే. కోర్టులో రేకు కట్టి ఉన్నది, ఉత్తర్వు రాలేదు, కాలు కదలలేదు.

అంచు విడిచిన చేయి గురించి నీవు వ్రాసిన వాక్యానికి సమాధానం ఇదే అని భావించగలవు.

పదిహేడున నేను రాదలచుకున్నాను. అయితే ఒక చిక్కు ఉన్నది. రేకు కట్టుకుని బయలుదేరితే జ్యేష్ఠమాసం లోపల చేరలేను. విప్పుకుని బయలుదేరితే పోలీసులు చేరనివ్వరు. బస్సులో రావచ్చు కదా అని మీ వదిన అంటున్నది. రావచ్చు. కానీ జీపు కూడా వస్తానన్నట్లు నాకు అనిపిస్తున్నది. తగిన ఆదేశాలు కోరుతున్నాను.

నాగన్న గారి ఒడి విశాలమైనదే అయి ఉండవచ్చు. ఆయన మీద నాకు ఫిర్యాదు ఏమీ లేదు. సైకిలు మీద కొద్దిగా ఉన్నది.

ఇట్లు,
నీ అన్న


అమ్రాబాద్,
11-5-1990

అన్నా,

నీ ఉత్తరం చదివి అరుగు మీద కూర్చున్నాను. ఎండ వాలేదాకా లేవలేదు. నా వేలు నాకు తెలియకుండానే అరుగు రాతి మీద కొడుతున్నదని కిష్టమ్మ చూసి నవ్వింది. ఆ ఉంగరం ఇంకా వేలికే ఉంది. అరిగి సన్నబడింది. మీ బావ కొత్తది చేయిస్తానంటే వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో అప్పుడు నాకూ తెలియలేదు.

ఆదేశాలు ఇవి. రేకు గట్టిగా కట్టించు, ఈసారి సాయన్న చేత కట్టించు. నేను కిష్టమ్మను తీసుకుని పదహారున బస్సులో గద్వాలకు వస్తాను. పదిహేడు తెల్లవారేసరికి జీపు ముందు సీటులో నీ కుడి వైపు... కాదు, జీపులో ఆ వైపు నువ్వుంటావు. ఎడమ వైపు కూర్చుంటాను. నేనే కొడతాను. ఎక్కడ జోరుగా కొట్టాలో, ఎక్కడ ఆపాలో నాకు తెలుసు. పోలీసులు నిలబడే చోట్లు నువ్వు ముందే చెప్పు.

నాగన్నకు చెప్పాము. “అసలు మేనమామ దొరికిండంటే నాకేం పరేషాన్ అక్కా? నా డ్యూటీ నేను జూస్కుంట,” అన్నాడు.

నమస్కారాలు ఈసారి నావి.

నీ చెల్లె
కమల


గద్వాల,
20-5-1990

చెల్లె కమలకు,

నీకు తెలిసిన సంగతులే అయినా రికార్డు కోసం వ్రాస్తున్నాను.

పెబ్బేరు, వనపర్తి, నాగర్‌కర్నూలు, మూడు చోట్లా నీ వేలు నెమ్మదించింది. మూడు చోట్లా గడియారం పట్టుకున్నవారు మనల్ని చూసి, మరమ్మతు బాగా జరిగిందన్నట్లు తల ఊపారు. ఎండ ముదరక ముందే కొండ చేరాము. కిష్టమ్మ నా ఒడిలో కూర్చున్నది. తొలి కత్తెర నేను వేశాను, మిగిలినది మంగలి చూసుకున్నాడు. ఎండుటాకులు, ఈకలు, యాత్రికుల పసుపు, అన్నీ ఆ జడలతో పాటు రాలిపోయాయి. ఇన్నాళ్లూ ఆ జుట్టు కింద ఉన్నది మన అమ్మ నుదురని ఎవరమూ అనుకోలేదు. నీవు ఆ నుదురు మీద పెట్టిన చేయి, మంగలి కత్తి కడుక్కునేదాకా తీయలేదు. నేసిన లంగా పొట్టిదైంది, అంచు మడత విప్పితే సరిపోయింది. దైవత్వం రద్దయినందుకు కిష్టమ్మ అభ్యంతరం చెప్పలేదు.

కొండ దిగి మీ ఇంటి దారి పట్టిన తరువాత జరిగిన దానికి బాధ్యత ఎవరిదన్నది మాత్రం తేలాలి. మన్ననూరు అడవి చల్లగా ఉన్నది. కొమ్మల సందుల నుండి ఎండ పోగులు పోగులుగా రోడ్డు మీద పడుతున్నది. వెనుక సీటులో మీ వదిన, ఆమె ఒడిలో గుండు పిల్ల, ఇద్దరూ నిద్ర. నీ ఉంగరం జీపు ముందు రేకు మీద టక్కుమంటున్నది. నేను తొక్కుతున్నాను. నీవు నా వైపు చూడటం లేదు, నేను నీ వైపు చూడటం లేదు, మగ్గం మీద ఎప్పుడైనా చూసుకున్నామా? నీవు జోరు పెంచుతున్నావని నీకు తెలియదు. నేను ఎక్కడ ఉన్నానో నాకు తెలియదు. రోడ్డు దాటబోయిన జింక ఒకటి ఆగి, ముందు మీరే పోండి అన్నట్లు నిలబడింది.

చెక్‌పోస్టు దగ్గర నాగన్న ఈల వేశాడు.

“అన్న వరసైతే ఏంది, అక్క వరసైతే ఏంది? పులులు తిరిగే జాగల గిట్ల ఉరికితే ఎట్ల?” అని పుస్తకం తీశాడు. “డ్రైవర్ ఎవరు?”

“నేనే,” అన్నాను.

“నేను గూడ,” అన్నావు.

“ఒక్కటే పేరు పడ్తదక్కా.”

“అట్లైతే రాయకు. రాస్తె ఇద్దర్ని రాయి.”

నాగన్న ఇద్దరి పేర్లూ వ్రాశాడు. ఆ చలాన్‌ను ఇందుతో పంపుతున్నాను. ఇది నిజప్రతి కాదు, అసలు. ముద్ర వేయలేదు. దీని మీద నేను అప్పీలు చేయను.

మీ గడప తొక్కడం, కొబ్బరి పచ్చడి తినడం, బావతో అరుగు మీద కూర్చోవడం, ఇవి సక్రమంగా జరిగాయి.

తిరుగు ప్రయాణం గురించి ఒక్క మాట. రేకు కట్టి ఉన్నది. నీ సీటులో తేనె సీసా ఉన్నది. మీ వదిన రెండుసార్లు “కానియ్” అన్నది, జీపు దానికి తగినంత కదిలింది. మేకలు దాటిపోయాయి. నాగర్‌కర్నూలు దగ్గర రెండవ ఫర్లాంగు రాయి పక్కన ఎస్సై గారు స్వయంగా గడియారం పట్టుకుని నిలబడి ఉన్నారు. మేము చేరేదాకా ఓపికగా చూశారు. మేము చేరిన తరువాత జీపు మీద చేయి పెట్టి ఆపారు.

“ఏంది తిరుపతయ్యా, ఇయాల గింత మెల్లగ పోతున్నవ్?”

“చెల్లె దిగిపోయింది సార్.”

ఆయన గడియారం జేబులో వేసుకుని, పొమ్మని చేయి ఊపారు.

ఇట్లు,
అన్న